ఎడమ దిక్కు నుంచి వచ్చే గుండు

ఎనభై ఎనిమిది ఎండాకాలం. హన్మకొండలోని వీడియో గేమ్ దుకాణంలో, మరమగ్గాల షెడ్డులో పనిచేసే బావా బామ్మర్దులిద్దరు ఒకే పెట్టె ముందు నిలబడి ఉన్నారు.

"మళ్లా సచ్చినవ్ బావా. ఆరోసారి, గదే జాగల."

"ఎడమ దిక్కు నుంచి వచ్చే గుండు మస్తు స్పీడున్నది."

"స్పీడు గాదు. అది రాంగనే నువ్వు కండ్లు మూస్తానవ్. అక్కకు తాళి కట్టెటప్పుడు గూడ ఇట్లనే మూసినవా?"

"నవ్వకు. పోగు మోసే నాడె మగ్గంల నుంచి ఎగిరొచ్చి మన షెడ్డుల మార్కండేయులు కన్ను పోయిన కాడినుంచి ఇట్లనే అయితాంది. అది నా చెవు పక్కనుంచే పోయింది."

"అక్కకు చెప్పినవా?"

"చెప్పలే. రేపు పొద్దుగాల ఆయన నడిపిన మరమగ్గం, గా సాంచె మీదనే నన్ను నిలబెడతాండ్లు."

"అందుకనా నన్ను ఈడికి తోల్కొచ్చినవ్?"

"ఈడ తాకితే మళ్లా లేస్తం గద. కండ్లు తెరిసి ఉంచుడు ఈడ్నే నేర్సుకుందామనుకున్న."

"నీ పక్క సాంచె నాదే బావా."

"ఎరుకే. జర నా మొకం చూడు, ఇంకోసారి ఆడుత."

"చూస్తాన."

"అగో, వస్తాంది... దాటిన. చెప్పు, కండ్లు మూసిననా?"

"ఏమో బావా. ఈసారి నేను మూసుకున్న."