మామికి రుచి చెప్పడం

ఇది సాత్తముదే అమ్మాయ్. అంటే రసమేలే, కుంభకోణం అయ్యంగార్లు అలా అంటారు. ఎవరు నేర్పారంటావా... కూర్చో చరితా, నీ బస్సుకింకా టైముందిగా. నన్ను మాత్రం లేవమనకు, మోకాళ్ళు పొద్దుట్నుంచీ సతాయిస్తున్నాయి. పక్కింట్లో కోమళవల్లి మామి ఉండేది. ఇప్పుడు పంజాబీ వాళ్ళున్నారే, ఆ ఇల్లే. కూతురు హాస్పిటల్లో నర్సు, మామి పొద్దస్తమానం ఒక్కతే. అప్పుడే మన హామిల్టన్‌లో స్టూడెంట్లు తెగ దిగుతున్నారు, నీకన్నా ముందు బ్యాచ్‌లు. ఏ బేస్‌మెంట్ చూసినా పిల్లలే, కరీంనగర్ వాళ్ళూ, మధురై వాళ్ళూ, బ్రెడ్డు ముక్క నోట్లో పెట్టుకుని పరుగులు. శనివారం వచ్చిందంటే మామి వాళ్ళందరికీ వండేది. ఉస్తికాయల వత్తకుళంబు అని ఓ పులుసు, పెరుగన్నం, ఇత్తడి ఫిల్టర్లో కాఫీ. నేను కబుర్లకి వెళ్ళేదాన్ని. గుంటూరుదాన్ని కదా, ఆ చప్పిడి తిండి మొదట్లో నాకెక్కలా.

తర్వాత ఆ మాయదారి కోవిడ్. అందరికీ వచ్చి పోయింది, మామికి మాత్రం వాసనా రుచీ పట్టుకుపోయింది. ఎవరికీ చెప్పలా. ఓ శనివారం సాత్తముదు ఇంగువతో చేదు విషం. పిల్లలు మర్యాదకి మింగేశారు. నేను గిన్నె ఇవ్వడానికి లోపలికెళ్తే అన్నం అడుగంటి ఇల్లంతా కంపు, మామి ఆ పొయ్యి పక్కనే నుంచుని కొబ్బరి తురుముతోంది! "మామీ, మాడుతోంది!" అన్నా. మూత తీసి చూసింది. అక్కడే కూలబడింది. "పోచ్చు భ్రమరాంబా. అంతా పోయింది. ఇంక వంట వద్దు" అంది. కూతురేమో "రెస్ట్ తీసుకో అమ్మా, ఆర్డర్ చేద్దాం" అంది. రెస్టు తీసుకుని ఏం చేస్తుందే ఆవిడ? కిటికీ దగ్గర కూర్చునేది, అంతే. పిల్లలొచ్చి, మూసిన తలుపు చూసి వెళ్ళిపోయేవాళ్ళు. నాకే ఉండబట్టక, "మీరు వండండి, రుచి నే చూస్తా" అన్నా.

అలా మొదలైంది. "ఉప్పు?" "చాల్లేదు." "కారం?" "ఇంకాస్త." కొన్నాళ్ళకి పాండురంగ అని ఆ మధురై కుర్రాడు ఓ ముద్ద తిని, "మామీ, ఇది ఆంధ్రా మెస్సు రసం" అనేశాడు. మామి నా వంక తిరిగింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఒక్కసారిగా నవ్వడం మొదలెట్టింది, దగ్గొచ్చేదాకా! "ఏం చెయ్యను రా, నాలుక గుంటూరు నుంచి అరువు తెచ్చుకున్నా" అంది. ఆ తర్వాత నన్ను కూర్చోబెట్టి నేర్పింది. మిరియం గొంతులో తగలాలి, పులుపు దాని వెనకాల రావాలి, ఇంగువ ఉందని తెలియాలి గానీ కనపడకూడదు... అదిగో, నువ్వు తాగింది అదే.

కాఫీ దగ్గరే చిక్కు. "నాకు వేడి ఒక్కటే తెలుస్తోంది, నువ్వు చెప్పు" అనేది. బావుంది మామీ అంటే ఒప్పుకోదే! "బావుందంటే? చేదు ముందొచ్చిందా, పాలు ముందొచ్చాయా?" అబ్బబ్బ, "కాఫీలా ఉంది మామీ" అని కసిరేదాన్ని.

ఆ చలికాలమే మామికి గుండెపోటు. తాగనివ్వరని తెలీక ఫ్లాస్కులో కాఫీ పోసుకుని హాస్పిటల్‌కి వెళ్ళా. నోట్లో చుక్క కూడా పొయ్యొద్దన్నారు. మామి ఫ్లాస్కు వంక చూసి, నువ్వు తాగమని సైగ చేసింది. తాగా. కళ్ళు నా మొహం మీదే పెట్టింది. "ముందు చేదు మామీ, నాలుక వెనకాల. తర్వాత పాలు, చిక్కగా. తీపి చివర్న, ఉందా లేదా అన్నట్టు" అన్నా. కళ్ళు మూసుకుంది. మింగినట్టు గొంతు కదిలింది.

ఆ వారం దాటలేదు. వాసన మళ్ళీ రానేలేదు ఆవిడకి...

బయట మంచు మొదలైనట్టుంది. నీ గ్లవ్స్ ఏవే?