మూడు నిమిషాల హక్కు నేర్పిన లోర్నా స్టిడమ్ గారు

1991వ సంవత్సరం ఆగస్టు 19వ తేదీ సోమవారం ఉదయం, కెంటకీ తూర్పు కొండలలోని మన క్రేన్ ఫోర్క్ ఉన్నత పాఠశాలలో చరిత్ర, పౌరశాస్త్ర, భూగోళ బోధకురాలిగా శ్రీమతి లోర్నా స్టిడమ్ గారు పదవీ బాధ్యతలు స్వీకరించారు. బొగ్గుగని కార్మికుని కుమార్తె అయిన ఆమె ఈ పాఠశాల పూర్వవిద్యార్థిని కూడా. "ఒక్క ఏడాది చూసి వెళ్లిపోతా" అని ఆనాడు సహోపాధ్యాయులతో అన్నారట. ముప్పై రెండేళ్లయింది. ఆమె మాట తప్పిన సందర్భం మాకు తెలిసి అదొక్కటే.

తొలి దశాబ్దంలో ప్రతి విద్యార్థి చేతా మన కౌంటీ పటాన్ని, ఒక్క వాగు కూడా వదలకుండా, చూడకుండా గీయించేవారు. గని కంపెనీలు కొండల తలలు పేల్చివేయసాగాక, ఆ కొండలను పటంలోంచి చెరిపించడమూ ఆమె వంతే అయింది. "మా తాతగారి కొండ టీచర్, ఉంచుకుంటా" అని ఒక బాలిక బతిమాలితే, "లేనిదాన్ని ఉందని గీస్తే పటం అబద్ధమవుతుందే, చెరిపెయ్" అన్నారు. ఆ రోజు ఆమె మధ్యాహ్న భోజనం ముట్టలేదు.

పాఠశాలల బోర్డు సభలో ఏ పౌరుడైనా లేచి మూడు నిమిషాలు మాట్లాడవచ్చునన్నది మన కౌంటీ ఆచారం. అందుకని ఎంత బిడియస్తుడైనా సరే, ఆమె తరగతిలో గడియారం ఎదుట మూడు నిమిషాలు మాట్లాడితీరవలసిందే. నేటి బోర్డు అధ్యక్షులు డారెల్ నేపియర్ గారు సైతం 1998లో అలా మాట్లాడినవారే.

గడచిన మార్చిలో మన పాఠశాలను మూసివేసే ప్రతిపాదన వచ్చింది. మూతపడితే పిల్లలు మంచు కాలంలో కొండదారిన గంటన్నర బస్సులో పోవాలి. ఇరవై ముగ్గురు విద్యార్థులు ప్రసంగాలు రాసుకొని ఆమె వెంట సభకు వెళ్లారు. మాట్లాడదలచినవారి పేర్లు ఏనాటినుంచో సభ గుమ్మం దగ్గరే రాయించుకునేవారు. ఈసారి అక్కడ కాగితమే లేదు.

"పేర్లు శుక్రవారమే ఇవ్వాలి టీచర్. పేపర్లో వేశాం" అన్నారు నేపియర్ గారు, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని.

"ఎప్పట్నుంచయ్యా ఈ కొత్త రూలు?"

"నోటీసు చదవాలని నేర్పింది మీరేగా. ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు?"

పదకొండు నిమిషాల్లో, ముగ్గురు ఔననీ ఇద్దరు కాదనీ చేతులెత్తగా, మన బడి కథ ముగిసింది. మా కడుపులు మండిపోయాయి. ఆమె గౌరవార్థం వెలువడుతున్న ఈ అభినందన సంచికలో ఇటువంటి మాట తగదని తెలిసీ రాస్తున్నాము.

మరునాడు ఆమె నల్లబల్లపై "నోటీసు చదవలేదు. తప్పు నాది" అని రాసి నిలబడ్డారు.

"పోనీండి టీచర్, మనం మాట్లాడినా మూసేసేవాళ్లే" అన్నది పన్నెండవ తరగతి విద్యార్థిని టామ్సిన్ రాట్లిఫ్.

"మూసేసేవాళ్లేనేమో. కానీ మీ నోరు నొక్కే వీలిచ్చింది నేనే కదే" అంటూ ఆమె కంటతడి పెట్టారు. ముప్పై రెండేళ్లలో ఆమె ఏడవగా చూడటం మాకదే ప్రథమం.

మే నెలలో చివరి తరగతి ముగిశాక అందరూ వెళ్లిపోయినా టామ్సిన్ కదలలేదు.

"బోర్డుకి పోటీ చెయ్యాలంటే ఇరవై నాలుగేళ్లు నిండాలట టీచర్. నాకిప్పుడు పదిహేడు."

"ఎవరు చెప్పారే?"

"నేనే కనుక్కున్నా."

"అప్పటికి మన బడి గోడలు కూడా మిగలవు, తల్లీ."

"తెలుసు. వాళ్లు ఇంకో బడి మీద పడతారుగా. నేను గెలిచి బోర్డులో మాట్లాడే మొదటి మూడు నిమిషాలకి మీరు అక్కడ ఉండాలి. ఉంటారా?"

ఆమె తలూపారు.

కనుక శ్రీమతి స్టిడమ్ గారికి లాంఛనంగా నిండు నూరేళ్లు కోరి ఊరుకోలేము. ఈ కొండల బొగ్గు ధూళి పీల్చిన ఆ ఊపిరితిత్తులకు ముందుగా ఏడేళ్ల బలాన్నీ, సభామందిరం మెట్లెక్కగల మోకాళ్లనూ భగవంతుడు ప్రసాదించుగాక. ఆపైన ఆయన ఎన్నేళ్లిచ్చినా మాకు సంతోషమే.