అర్జీలో రెండో అంశం

అదేంటమ్మా అపూర్వా, అట్లా పైకి తోసేశావు? ఇందాక నీ ఫోన్లో వచ్చిందిగా, ఎక్కడో యుద్ధమట, పట్టుబడ్డవాళ్ళని చేతులు వెనక్కి కట్టి మోకాళ్ళ మీద కూర్చోబెట్టారు... ఆఁ, అదే. నీ బొటనవేలు ఆగలా. ఆ కింద దోసెలవాడు వచ్చేసరికి ఆగింది. తప్పుపట్టట్లా తల్లీ, నీ భుజం మీంచి చూస్తూ నేనూ దోసె దగ్గరే ఆగా. బస్సు ఇంకా వత్సవాయిలో కదిలిందో లేదో. ఈలోగా నీకో సంగతి చెప్తా. మనం కూర్చున్న ఈ షెల్టరు ఉందే, దీన్ని కట్టించింది నేనే. నవ్వకు. ఇటుకలు మొయ్యలా. కాగితం రాశా.

నీకు నేను పక్కింటి ఉపేంద్రం తాతనే గానీ, ఒకప్పుడు నందిగామ తాలూకా ఆఫీసు ముందు అర్జీలు రాసే ఉపేంద్రం పంతులంటే చాలామందికి తెలుసు. ఎనిమిదో తరగతి రెండుసార్లు తప్పా. నాకొచ్చిన తెలుగంతా అర్జీల తెలుగే. పెళ్ళైన కొత్తలో మా ఆవిణ్ణి "కాఫీ విషయమై తమరు దయతో పరిశీలించి తగు చర్య తీసుకొనవలెను" అని అడిగితే, "పరిశీలనలో ఉంది" అనేది పొయ్యి దగ్గర్నుంచి. ఎంతసేపటికీ మంజూరయ్యేది కాదు. సరే, అది వదిలెయ్. నాకో కిటుకుండేది. పైన ఊరికి కావల్సింది రాయాలి, దాని కిందే మనిషికి కావల్సింది రాయాలి. ఊరివాళ్ళు పైది చూసి సంతకాలు పెడతారు, ఆఫీసరు సంతకాలు చూసి కిందది కూడా ఒప్పుకుంటాడు. చందర్లపాడులో ఒక ముసలమ్మకి పింఛను అట్లాగే ఇప్పించా, చేతిపంపు అర్జీ కింద పెట్టి. దాంతో తలకి పొగరెక్కింది నాకు.

ఎనభై రెండులోనో మూడులోనో, చంద్రమౌళి వచ్చాడు. మన ఊరివాడే. ఆ చెరకుతోట పక్క ఆరెకరాలు వాళ్ళవే. మిలటరీలో చేసి వచ్చాడు. మనిషి తాటిమొద్దులా ఉండేవాడు గానీ గొంతు మాత్రం చిన్నది. ఎదురుగా కుర్చీ ఉన్నా కూర్చోలా. "పంతులుగారూ, డెబ్బై ఒకటి యుద్ధం అయిపోయాక నన్ను ఖైదీల క్యాంపులో కాపలా వేశారండి" అన్నాడు. ఎక్కడో ఉత్తరాదిన, పేరు చెప్పాడు, నా నోరు తిరగలేదు. అక్కడ ఒక ఖైదీ ఉండేవాట్ట. కుర్రాడు, పాతికేళ్ళు కూడా ఉండవు. ఏదో ఎదురు మాట్లాడాడని అక్కడి పై ఆఫీసరు రోజూ పొద్దున్నే బట్టలిప్పించి బయట నిలబెట్టేవాట్ట. ఆ చలికి అక్కడ బకెట్లో నీళ్ళు పైన గడ్డకట్టుకుపోయేవట. ఆ గడ్డ పగలగొట్టి, కింది నీళ్ళు నెత్తిన పొయ్యమనేవాట్ట. నాలుగు పొద్దులు. ఐదో పొద్దున కుర్రాడు లేవలా. రిజిస్టర్లో జ్వరం అని రాశారు. "ఎవరు పోసేవాళ్ళయ్యా?" అన్నా నేను, కలం మూత తీస్తూ. "నేనేనండీ" అన్నాడు.

అప్పటిదాకా నా దగ్గరికొచ్చినవాళ్ళు పక్కవాడి మీద అర్జీ పెట్టేవాళ్ళే. తన మీద తనే పెట్టుకునేవాణ్ణి అప్పుడే చూడ్డం. "మరి నీకేం కావాలి? క్షమాపణా?" అంటే, "కాదండీ. అడగాలి. ఎవరో ఒకరు పిలిచి, ఏం జరిగిందిరా అని అడగాలి. చెప్తా. పొయ్యమన్నవాడి పేరు చెప్తా, నా పేరూ చెప్తా. తర్వాత ఏం చేసినా సరే" అన్నాడు. ముందు తనే రాసుకున్నాట్ట, ఆ ఆఫీసుకీ ఆ పై ఆఫీసుకీ. ఉలుకూ లేదు పలుకూ లేదు. నేను పెద్దమనిషిలా తలూపి, "ఒక్కడి కాగితానికి బరువుండదు, ఊరందరి చేతా సంతకాలు పెట్టిద్దాం" అన్నా. సాక్షిగా పిలవాలని రాయబోతే, "ముద్దాయి అని కూడా రాయండి పంతులుగారూ" అన్నాడు. రాశా.

నెల తిరిగామమ్మా ఇద్దరం. ఎన్ని సంతకాలు వచ్చాయనుకున్నావు? రెండు. ఒకటి ఆయనది, ఇంకోటి వాళ్ళావిడ దుర్గాంబ వేలిముద్ర. నాది? అర్జీ రాసినవాడు సంతకం పెట్టకూడదని వృత్తిలో నియమం ఉంది. ఆ నియమం నేను ఆ రోజే పెట్టా. తక్కినవాళ్ళ మాటలు చెప్పనా? ఒకాయన, "వాళ్ళు మనవాళ్ళని ముద్దులాడారా ఏంటి?" ఇంకొకాయన, "పదేళ్ళ కిందటి మాట, ఇప్పుడు తవ్వితే ఏమొస్తుంది?" స్తెఫను మాస్టారు మంచివాడు, కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు కూడా, "నేను గవర్నమెంటు ఉద్యోగిని కదా చంద్రమౌళీ, ప్రార్థనలో పెడతా" అన్నాడు. ఎవరూ కసురుకోలా, అదీ చిత్రం. అందరూ వింటారు, అయ్యో అంటారు, ఇంతలో గేదె తాడు తెంపుకుంటుంది.

ఇదిగో, ఇక్కడే టీ బంకు ఉండేది, పుష్పవతిది. నోరు పెద్దది, చెయ్యి ఇంకా పెద్దది, టీ గ్లాసు నిండా పోసేది. అంతా విని, "అన్నయ్యా, ఆ అబ్బాయిని చలిలో నిలబెట్టారు, పాపమే. మరి మేం రోజూ ఇక్కడ ఎండలో బస్సు కోసం నిలబడి చస్తున్నాంగా, దానికి రాసే పంతులే లేడా?" అంది. అందరూ ఘొల్లున నవ్వారు. చంద్రమౌళి నవ్వలా. నాకు మాత్రం బుర్రలో దీపం వెలిగింది, అప్పట్లో నాకలా తరచూ వెలిగేది లే. ఆ మధ్యాహ్నమే కొత్త అర్జీ రాసేశా. మొదటి అంశం, ఈ స్టేజీలో ప్రయాణీకులకు నీడ. రెండో అంశం, ఖైదీ మరణంపై విచారణ. మూడు వందల పైచిలుకు సంతకాలమ్మా, వారంలో! ఒకడైనా రెండో అంశం దాకా చదివితే ఒట్టు. చంద్రమౌళి ఆ కాగితాల కట్టని రెండు చేతుల్తో పట్టుకుని, "ఇంతమంది అడుగుతున్నారా పంతులుగారూ" అన్నాడు. ఔనన్నా.

ఏడాదిన్నరకి షెల్టరు వచ్చింది. కొబ్బరికాయ కొట్టారు. చంద్రమౌళి కొబ్బరిముక్క తీసుకుని నా పక్కకొచ్చి, "రెండోది ఎప్పుడండీ?" అన్నాడు. ఇంకో నాలుగు నెలలకి కాగితం వచ్చింది. "తమ అర్జీలోని అంశములు పరిష్కరింపబడినవి." అంశములు! బహువచనం! మళ్ళీ రాశా. ఈ విషయమై లోగడనే చర్య తీసుకొనబడినది అని వచ్చింది. ఇంకోసారి రాస్తే అదీ రాలా. అర్థమైందా? విడిగా రాసుంటే ఏ బీరువాలోనో పడి ఉండేదమ్మా, పడి ఉన్నా బతికుండేది. నేను దాన్ని తీసుకెళ్ళి షెల్టరుకి కట్టా. షెల్టరు లేచింది, ఇది మూతపడింది. నా తెలివి.

తర్వాత పదేళ్ళు బతికాడు చంద్రమౌళి. జగ్గయ్యపేట వెళ్ళాలంటే ఇక్కడికే రావాలిగా, వచ్చేవాడు. లోపలికి మాత్రం రాలా. అదిగో ఆ కంకర మీద, ఎండైనా వానైనా. పుష్పవతి పిలిచేది, "లోపలికి రా అన్నయ్యా, నీ పుణ్యమేగా" అని. జనం, "మిలటరీవాడు, నిలబడ్డం అలవాటు" అనుకునేవాళ్ళు. ప్రతి చలికాలం నాలుగు జామకాయలు తువ్వాల్లో కట్టుకుని మా ఇంటికొచ్చేవాడు, "ఏమన్నా వచ్చిందా పంతులుగారూ?" అని. రాలేదనేవాణ్ణి. అప్పుడా కుర్రాడి పేరు ఒకసారి చెప్పి వెళ్ళేవాడు. ఎందుకంటే, నీళ్ళు పోసినప్పుడల్లా వాడు అరిచేవాడు కాదట, తన పేరూ తన ఊరూ చెప్పేవాట్ట, ఎవరన్నా రాసుకోండి అన్నట్టు. క్యాంపులో నంబరేగా ఉండేది. "నంబరొద్దు, పేరు రాయండి" అని చంద్రమౌళి నాకు మొదటిరోజే చెప్పాడు.

ఏంటీ? పేరా?

ఆఁ... ఉంది. మూడక్షరాలు... కాదు, రెండు మాటలు. చివర... ఉండు. అర్జీలో? అర్జీలో ఉండదమ్మా. రాయలా. శత్రువు పేరు కనపడితే పెట్టేవాళ్ళు కూడా సంతకం పెట్టరని, "ఒకానొక ఖైదీ" అని రాశా. చంద్రమౌళికి చదివి వినిపించేటప్పుడు మాత్రం ఆ చోటికి రాగానే పేరు నోటితో పలికా. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. పలికానంటే అప్పుడు తెలిసే ఉండాలిగా నాకు... తర్వాత కూడా పదేళ్ళు విన్నా...

అదుగో, వస్తోంది బస్సు. లే, ఫోను సంచిలో పెట్టుకో. ఆధార్ కార్డు తీసి చేత్తో పట్టుకో, ఆడవాళ్ళకి ఉచితమైనా కండక్టరు అది చూస్తాడు. ఏదీ, ఇటివ్వు. పేరు సరిగ్గా పడిందా ఇందులో?