ఎర్రచుక్క గ్లాసు

“గ్లాసు ముట్టుకోను తాతా, లోపల సాఫ్ జేసి ఇస్త.”

హబ్సిగూడల వాచీల దుకాణం పిలగాడు గిట్లనే అన్నడా లేదా బిడ్డా? నువ్వు పక్కనే ఉన్నవ్ గదా. ఇప్పుడు సూడు, నా వాచీకి పాత గ్లాసు తీసేసి కొత్తది ఏసిండు.

వింటేజ్ అంటే ఏందని అడుగుతున్నవ్. నాకేమెర్క, వాడే జెప్పిండు. ఉత్తగ పాతదైతే సరిపోదట. డయలు దానిదే ఉండాలె, ముండ్లు దానివే, లోపలి మిషను దానిదే. ఈ ప్లాస్టిక్ గ్లాసు మాత్రం లెక్కల రాదట, గీతలు వడితే అందరు మారుస్తరట. “నీది పక్కా వింటేజ్ తాతా” అని నవ్విండు. ఆ లెక్కల రాని గ్లాసే గదా నాకు కావల్సింది!

నాచారం ఫ్యాక్టరీల నేను పొద్దుగాల షిఫ్టు, శామ్యూల్ పగటీలి షిఫ్టు. ఇద్దరికి ఒకటే లేతు మిషను. వాచీ గూడ ఇద్దరం గల్సి కొన్నం. ఎంతకు... యాదికొస్తలేదు, ఉప్పల్ నుంచి బస్సుకు పావలా ఇచ్చే రోజులు. పగటీలి రెండు గంటలకు షిఫ్టు మారంగ నేను చాబీ ఇచ్చి ఆయన చేతికి గట్టేది. తెల్లారి పనికి వోతా వాళ్లింటి కాడ తీస్కునేది. ఆయన పెండ్లాం మరియమ్మ కిటికీలకెల్లి అందిచ్చేది. “ఇగో అన్నా, నా సవితి” అని ఎక్కిరిచ్చేది.

నేనేమో పనిల వడితే లెవ్వకపోయేటోన్ని. శామ్యూల్ వచ్చి నిలవడ్డా సూడకపోయేటోన్ని. ఒకనాడు మిషనుకేసే ఎర్ర పెయింటు తెచ్చి, గ్లాసు మీద రెండు కాడ చుక్క వెట్టిండు. “చిన్న ముల్లు ఈడికొస్తే లెవ్వు బావా. నన్ను గూడ జర పని జెయ్యనియ్యి!”

శామ్యూల్ పోయినేడు కాలం జేసిండు. ఈ పదిహేనో తారీఖు మౌలాలిల వాళ్లింట్ల జ్ఞాపకార్థ కూటం. మరియమ్మ చెల్లె ఫోన్ జేసింది: “అన్నా, నీ కాడున్న ఆ వాచీ తే. ఆయన వెట్టిన చుక్క ఒక్కసారి ముట్టుకుంట.” ఆగిపోయిన వాచీ ఏం తీస్కపోత, నడిస్తే సంబురపడ్తదని నేనే బాగుజేయ ఇచ్చిన.

నువ్వు ఊకె గరం గాకు. దోపిడీ, హక్కులు అని వాని మీదికి పోకు. లొల్లికి నాకు ఓపిక లేదు బిడ్డా. మంచిగ అడుగు, ఆ పాత గ్లాసు డబ్బాల వెట్టినవా, చెత్తల ఏసినవా అని. ఉంటే, పగిలినా సరే, తే. పారేస్తే పారేసిన అనమను. చెల్లె చెయ్యి సాపితే నేనేం జెప్పాలె? పదమూడో తారీఖు పొద్దుగూకే లోపల జవాబు జెప్పమను.