కోడ్‌లో ఉన్న ఊరు

లోమ్ ఊళ్లో రొట్టెల దుకాణం వెనక గదిలో ఆమె ఫోను చెవికి అదుముకుంది. అవతల సోఫియాలో, కంపెనీ పెద్దాఫీసులో రిపోర్టులు చేసే కూతురు.

"అమ్మా, అమ్మకం లేని ఊళ్లను రేపు కంపెనీ జాబితాలోంచి తీసేస్తారట, అక్కడి దుకాణాలు మూసేస్తారట. రిపోర్టులో లోమ్ సున్నా చూపిస్తోంది."

"సున్నానా! పొద్దున్నే బానిత్సా జున్ను రొట్టె అంతా అమ్ముడైపోయిందే! అనుకుంటూనే ఉన్నా, లేచిన దగ్గర్నుంచీ కన్నదురుతోంది."

"ప్రతి దుకాణం కోడ్‌లో మొదటి రెండంకెలు ఊరు, మిగతావి దుకాణం. దాన్ని విడగొట్టే ఏ ఊరి కింద ఏ దుకాణమో పేర్చాను. దాన్యూబ్ నది పొంగినప్పుడు మీరు విదిన్ వదిలి వచ్చేశారు గానీ, కోడ్ మార్చుకోలేదు. అందుకే మీ అమ్మకమంతా విదిన్ కింద పడుతోంది."

"కలిసొచ్చిన నంబరని మేమే ఉంచమన్నాం. ఇప్పుడు మార్చెయ్యి తల్లీ!"

"మారిస్తే విదిన్‌కి మిగిలేది పిన్ని దుకాణం ఒక్కటే. అది ఈస్టర్ నుంచి మరమ్మతులకని మూసే ఉంది కదా. అప్పుడు విదిన్ సున్నా అవుతుంది."

"మీ ఆఫీసు పెద్దాయనకు చెప్పి చూడవే."

"చెప్పాను. అంకె ఉంటే ఊరుంటుంది, లేకపోతే లేదన్నాడు."

ఆమె పిండి బస్తా మీద కూర్చుంది. చెల్లెలికి ముగ్గురు పిల్లలు.

"అమ్మా, ఏం చెయ్యమంటావు?"

"మార్చు," అంది చివరికి. "పిన్నికి మాత్రం నువ్వు చెప్పకు. తిట్లేవో నేనే తింటాను."