గోడ అవుతలికెల్లి మారు మాట రాలె

"అవ్వా, వంట అర్రల బుగ్గ వెలుగుతలేదు. ముందటి అర్రల ఫ్యాను మంచిగనే తిరుగుతున్నది. సగం ఇంటికి ఉన్నది, సగం ఇంటికి లేదు. టెస్టరు ఏడున్నదే, నేను జూస్త."

ఆగు బిడ్డ, ఆగు. దానికి చెయ్యి పెట్టకు. ముందుగాల వంట అర్రల స్విచ్చిలన్ని బందు జెయ్యి. బుగ్గ రానప్పుడు బందు జేసుడెందుకు అంటవా, చెప్త గని జెయ్యి. చేసినవా? ఆఁ, రా, ఇట్ల కూసో. ఫోను ముందట పెట్టినవేంది, నా మాట పడుతదా అండ్ల? పడనియ్యి తియ్యి.

మీ పెద్దవ్వ సంగతి నీకు ఎర్కనా? రాజవ్వ, నా యారాలు, మీ తాతకు వదిన. నీకు బుద్ధి తెలిసేటాల్లకు ఆమె చెయ్యి గట్లనే ఉండె గద, బొటనేలు, పక్కన ఏలు వంగకుంట. పుట్టుకతోని గట్లనే అనుకున్నవు గావచ్చు. కాదు. గీ సగం కరెంటుతోనే గట్లయింది. ఈ గోడకాడనే.

ఈ ఇల్లు ఎన్కట ఒక్కటే. నేను లింగంపేట నుంచి కోడలుగ వచ్చినప్పుడు ఈ గోడ లేకుండె. ఇద్దరన్నదమ్ములు, ఒక్క పొయ్యి. నేను, మా అక్క... అక్క అంటె యారాలే, నేను అక్కనే అంటుంటి... ఇంటి ముందటి సాయమాన్ల కూసోని బీడీలు చేస్తుంటిమి, చాటకు చాట ఆనిచ్చుకోని. మల్ల బోరు నీళ్లకాడ లొల్లయింది. నా మడి ముందు పారాలె అంటె నా మడి ముందు పారాలె అని. మీ తాత ఒక మాట అన్నడు, అక్క మొగడు, మా బావ, రెండన్నడు. పెద్దమనుషులు కూసుండి పంచిండ్రు. ఎట్ల పంచిండ్రంటవు, రోలు మాకిచ్చిండ్రు, రోకలి వాళ్లకిచ్చిండ్రు. నవ్వకు, నిజమే చెప్తున్న. రోకలి లేని రోలు నేనేం జేసుకోవాలె, రోలు లేని రోకలి ఆమేం జేసుకోవాలె? కోపం మీద పంచుకుంటె గట్లనే ఉంటది. ఇంటి నడిమిట్ల ఈ గోడ లేపిండ్రు. నా గడప తొక్కద్దు, నీ గడప నేను తొక్క అని బావ వాళ్లమ్మ మీద ఒట్టేసిండు. మీ తాత సుత గదే ఒట్టు.

అన్ని పంచిండ్రు గని తీగెలు ఎవ్వలకు యాదికొస్తయి? బావ కొత్త మీటరు పెట్టిచ్చుకున్నడు, పాత మీటరు మాకుండె. ఆ పని జేసినాయన, మల్ల గోడలన్ని తొలుసుడెందుకులే అనుకున్నడో ఏమో, మా వంట అర్ర తీగె అట్లనే ఇడిసిపెట్టిండు. కరెంటు పోయే తీగె మా ఇంట్లకెల్లే పోతది. తిరిగి వచ్చే తీగె ఉంటది సూడు, నూట్రలు అంటరు, అది గోడల నుంచి అవుతలికి వోయి, వాళ్ల నడిమి అర్రల అతుకు పడి, మల్ల మా దిక్కు వస్తుండె. మీ తాత గోడ లేపేటప్పుడు చూసిండంట. గని మాటలే లేని కాడ ఎవ్వలకు చెప్తడు?

మాటలు లేవంటె మొగోళ్లకు లేవు. మాకిద్దరికి ఏడ బందైతయి? గోడ మీదికెల్లి తిట్టుకునుడే. నా కోడి అటు వోయిందనో, ఆమె మోరి నీళ్లు ఇటు వచ్చినయనో. నేను ఒకటంటె ఆమె రెండంటుండె. నా మాట ఒక్కటి కింద పడనియ్యకపోయేది. పొయ్యి మీద కూర మాడినా సరే, మారు మాట చెప్పినంకనే గంటె తిప్పేది. పొద్దుగాల ఆమె గొంతు ఇనబడకపోతె నాకే ఎట్లనో ఉంటుండె, ఆ సంగతి ఎవ్వలకు చెప్పలె గని.

ఆ దినం ఎండకాలం, పగటి యాళ్ల. బావ మక్కలు అమ్మెతందుకు పిట్లం పోయిండు. పిల్లలు ఏడనో ఆడవోయిండ్రు. అక్క ఒక్కతే ఇంట్ల సున్నం ఏస్తున్నది. మనకాడ ఎట్లేస్తరు, పాత సున్నం తడిపి, గీకి, బట్ట పెట్టి తుడిచి, గప్పుడు కొత్తది. కింద నేలంత నీళ్లే ఉంటయి. నేను ఇవుతల వంట అర్రల బియ్యం ఏరుతున్న. కిటికీ లేని అర్ర గద, పగలు సుత బుగ్గ ఉండాలె. ఉన్నట్టుండి బుగ్గ ఆరింది.

కరెంటు వోయింది అనుకున్న. ముందటికి వస్తె ఫ్యాను తిరుగుతున్నది, ఎదురింట్ల టీవీ మోగుతున్నది. బుగ్గనే కాలిందేమో అని ముందటి అర్రల బుగ్గ ఇప్పి తెచ్చి పెట్టి జూసిన. అది సుత రాలె. వంట అర్ర వెనక బియ్యం సంచులు పెట్టే అర్ర ఉన్నది గద, అండ్ల జూసిన, రాలె. గోడ అవుతల గీకుతున్న చప్పుడు వస్తనే ఉన్నది. ఇగ నాకు కోపం రాదా? కావాల్నని మా తీగె తెంపింది అనుకున్న. ఎవ్వలైనా గట్లనే అనుకుంటరు.

"ఏమక్కా, మా బుగ్గ మీద పడ్డయా నీ కండ్లు" అన్న.

"నీ బుగ్గ ఆరితె నీ మొగున్ని అడుగే, నన్నెందుకు అడుగుతవు" అన్నది అవుతలికెల్లి.

షురూ అయింది. నేను వాళ్ల తల్లిగారింటి దాక వోయిన, ఆమె మా లింగంపేటనంత గుంజింది. అంతల మీ తాత బువ్వ తిందామని పొలంకాడికెల్లి వచ్చిండు. ఆయనకు మోటర్లు, స్టార్టర్లు అలవాటేనాయె, అంగి జేబుల ఎప్పుడు టెస్టరు ఉంటుండె. ఊకోవే జర అనుకుంట వంట అర్రల ప్లగ్గు రంధ్రంల టెస్టరు పెట్టిండు. వెలిగింది. అది సరే, అండ్ల వెలగాలె. పక్క రంధ్రంల పెట్టిండు, అండ్ల సుత వెలిగింది. అండ్ల వెలగద్దు బిడ్డ. రెండిట్ల వెలుగుతున్నది గని బుగ్గ వస్తలేదు. "పోయే కరెంటు పోతనే ఉన్నది, తిరిగి వచ్చే తీగె ఏడనో తెగింది" అన్నడు.

స్విచ్చి ఏసే ఉన్నది మరి. బుగ్గ రానప్పుడు స్విచ్చి బందు జెయ్యాలె అని ఎవ్వలకు తోస్తది, ఇందాక నీకు తోచిందా? ఆ స్విచ్చి ఏసి ఉంటె కరెంటు బుగ్గలకెల్లి వోయి, తెగిన కొస కాడ నిలబడి ఉంటది. ఆ కొస మా ఇంట్ల లేదు. గోడ అవుతల, తడి సున్నంల ఉన్నది. అక్క గీకుతుంటె అతుకు ఊడింది, ఆమెకు తెల్వనే తెల్వది.

నా నోరు మాత్రం ఆగలె. ఆయన బోర్డు కాడ నిలబడ్డడు, నేను తిడుతనే ఉన్న. గప్పుడు ఆరిన బుగ్గల తీగె సన్నగ ఎర్రగైంది. వెలుగు కాదు, బీడీ గుంజితె కొస కాడ అయినంత ఎరుపు. "అగో, వస్తున్నది, నా తిట్లకు భయపడి ఇడిసింది" అన్న నేను.

మీ తాత బుగ్గ దిక్కు జూసిండు. గోడ దిక్కు జూసిండు. "వదిన ఎందుకు మాట్లాడుతలేదే" అన్నడు.

నేను ఊకున్న. నిజమే, మారు మాట రాలె. అంతకుముందు వాళ్లవ్వను సుత తిట్టిన, అయినా రాలె. గీకే చప్పుడు లేదు. ఆ ఎరుపు ఏందో మీ తాతకు సమజైంది బిడ్డ. తెగిన తీగెల కరెంటు తిరిగి రావాలంటె నడుమ ఏదన్న ఉండాలె గద. మనిషి ఉన్నది.

ఉరికి మీటరు కాడ ఫ్యూజు గుంజిండు. నా చేతుల పెట్టి, ఎవ్వలచ్చి అడిగినా ఇయ్యకు అని, అవుతలి వాకిట్లకు ఉరికిండు. ఒట్టు యాదికి రాలె, గడప యాదికి రాలె. నేను ఆ ఫ్యూజు పట్టుకోని గోడకు చెవి ఆనిచ్చి నిలబడ్డ. కొంచెంసేపు ఏం ఇనబడలె. మల్ల మీ తాత గొంతు, "వదినా, కండ్లు తెరువు వదినా" అని. ఏడుస్తున్నడు. వాళ్లమ్మ వోయిననాడు సుత ఆయన గట్ల ఏడ్వలె.

ఎదురింటోళ్లకు ఫ్యూజు ఇచ్చి, పానమోలె జూసుకోండ్రి అని చెప్పి నేను సుత ఉరికిన. అరికాళ్లు రాసినం, చేతులు రాసినం, రొమ్ము మీద ఒత్తిండు ఆయన. ఎప్పటికో దగ్గింది. ఆటోల ఏసుకోని ఎల్లారెడ్డి వోయినం, ఆడ చూసి కామారెడ్డి పెద్ద దవాఖానకు తోలిండ్రు. పానం నిలబడ్డది గని బొటనేలుకు, పక్క ఏలుకు స్పర్శ వోయింది.

బావ పిట్లం నుంచి గట్లనే కామారెడ్డికి వచ్చిండు. దవాఖాన వరండాల తమ్ముని ముందట నిలబడ్డడు. మల్ల, "తిన్నవా" అన్నడు. "లేదు" అన్నడు మీ తాత. ఇద్దరు పోయి బండి మీద ఇంత తినొచ్చిండ్రు. గంతే. మాఫీ గిట్ల ఎవ్వలు అడుగలె. గోడ కూలగొట్టలె, తీగెలు మాత్రం ఎవ్వలయి వాళ్లకు కొత్తయి ఏపిచ్చుకున్నరు. ఆ చేత్తోని ఆమెకు బీడీ చుట్ట రాకపోతుండె, ఆమె ఆకు నేనే తెచ్చి చేసిన. దానికి సుత, సన్నగ చేస్తున్నవే, కట్ట వాపసొస్తది అని తిట్టింది. తిడితె నాకు ఎంత సంబురమైందో.

గని దవాఖానల ఒక మాట అన్నది బిడ్డ. సోయిలకు వచ్చినంక నేను ఒక్కదాన్నే పక్కన కూసున్న. నోరు పెద్దదని ఊరంత అంటది నన్ను, ఆ పొద్దు ఒక్క మాట వస్తలేదు. ఆమెనే అన్నది. "లచ్చీ, నువ్వు తిట్టిందంత ఇన్న. చెయ్యి అంటుకున్నది, వస్తలేదు, నాలిక తిరుగుతలేదు. మా అవ్వను అన్నవు, అది సుత ఇన్న. ఊకోకు తల్లీ, ఊకోకు అనుకున్న. నీ గొంతు ఇనబడ్డంతసేపు బతికే ఉన్న అనుకున్న" అన్నది.

"మరి నేను నడుమ ఊకున్న గదక్కా" అన్న.

"గప్పుడు వోయిన అనుకున్న" అన్నది.

...ఏం లేదు, కండ్లల్ల పొగ గొట్టినట్టయింది. పోయిన ఏడు జ్వరమొచ్చి వోయింది గద ఆమె, ఇప్పుడు అవుతల ఎవ్వలున్నరు, తాళమే. నీళ్లియ్యి జర. ఆఁ.

సల్లగుండు బిడ్డ, నిండు నూరేండ్లు ఉండు. నీ మాటకు మారు మాట చెప్పేటోళ్లు సుత నూరేండ్లు ఉండాలె. ఇగ పో, ఫ్యూజు గుంజి నాకిచ్చి పో. కాళ్లకు చెప్పులేసుకో. ఏం తెగిందో దూరంకెల్లి జూడు, ముట్టుకునే పని ఉంటె కరెంటాయనకు ఫోన్ జెయ్యి. ఆడ ఉన్నంతసేపు ఏదో ఒకటి మాట్లాడుతనే ఉండు. నన్ను తిట్టినా సరే. నాకు ఇనబడాలె.