సారమ్మ కోడలు కోసిన గుండ్రం గుడ్డ

సువార్తకి తల్లి లేదంట. పురిట్లోనే పోయింది. నాయన ఇటుకబట్టీల ఎంబడి తిప్పుకుంటా పెంచి, మా పల్లెలో సారమ్మ కొడుక్కిచ్చి చేశాడు. పిల్ల మంచిది, మాట మెత్తన. అయితే ఏముంది, వచ్చిన వారం నుంచీ బోరింగు కాడ ఒకటే పాట. కరుణమ్మని ఒకామె ఉండేది, నోరు కాదది, రంపం. తల్లి లేని పిల్లకి పనెవరు నేర్పుతారులే, సారమ్మా, ఇంక నువ్వే కోడలికి వండిపెట్టుకో అనేది. తల్లి చచ్చిపోతే అది పిల్ల చేసిన నేరమా? చెప్పండి! ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు మండుద్ది. సువార్త మాత్రం తిరిగి ఒక్క మాట అనేది కాదు, బిందె ఎత్తుకుని వచ్చేసేది. ఒక్క పని, ఒక్కటంటే ఒక్కటి, నలుగురూ చూసి మెచ్చేది చేస్తే చాలు, ఈ ఊళ్ళో తలెత్తుకుంటా అని లోపల అనుకునేదంట.

ఇట్టుండగా ఏమైందంటే, మా గుళ్ళో బల్లని చెద తినేసింది. ఈస్టరు చూస్తే వారంలో ఉంది. రొట్టె, ద్రాక్షరసం దేనిమీద పెట్టాల? కొత్త బల్లంటే మాకు మాటలా? కరెంటు తీగలు లాగినోళ్ళు పనైపోయాక వదిలేసిన కర్ర చక్రం ఒకటుంది. తీగ దానికి చుట్టి వస్తది చూడండి, పెద్దది, గుండ్రంగా. దాన్ని అందరం దొర్లించుకొచ్చి గుళ్ళో పడుకోబెట్టాం. బల్లే అనుకో. కానీ దానిమీద నల్లరంగు అంకెలు, తారు మరకలు. "దీనిమీదా రొట్టె పెట్టేది?" అంది కరుణమ్మ. సారమ్మకి కళ్ళలో పొరలు, చూపు సరిగా ఆనదు. అయినా లేచి, "గుడ్డేస్తే అదీ బల్లే. మా కోడలు కుడుతుంది" అనేసింది.  చూస్తే సువార్తకి వచ్చింది రవికలకి ఉక్సులు కుట్టడం వరకే.

ఇంటికి పోయి సారమ్మ ట్రంకుపెట్టె తీసి, అడుగునుంచి తెల్లగుడ్డ లాగిందంట. దుప్పటంత, సరిగ్గా నలుచదరం. ఏం గుడ్డనుకున్నారు? తను పోయిన రోజు కప్పడానికి తనే కొని దాచుకున్న గుడ్డ! మాలో ముసలోళ్ళు దాచుకుంటారు, ఆ రోజున కూడా ఎవరి ముందూ చెయ్యి చాపకూడదని. "ఇదా అత్తా?" అని సువార్త వెనక్కి జరిగితే, "నాకేం తొందర లేదులే, కోయి" అందంట. ఎట్టా కోయాలో కూడా చెప్పింది. "నాలుగు మడతలెయ్యి. నడిమి మూల కాడ దారం కొస అదిమిపట్టు. రెండో కొసకి సుద్దముక్క కట్టి ఈ పక్క నుంచి ఆ పక్కకి తిప్పు. గీత ఎంబడి కోసెయ్యి." అట్టా చెప్పి, పక్కింట్లో చిక్కుళ్ళు ఒలవడానికి పోయింది.

మడతేసిన గుడ్డకి నాలుగు మూలలుంటాయి కదా. ఒక మూలలో గుడ్డ నడిమి భాగం మడతలో దాక్కుని ఉంటది, పట్టాల్సింది అదే. దానికి ఎదురు మూలలో నాలుగు చివర్లూ విడివిడిగా ఉంటాయి. సువార్త ఆ విడి మూల పట్టుకుంది. తిప్పింది, గీసింది, కోసింది. విప్పి చూస్తే గుండ్రమేదీ? రొట్టెని నాలుగు చేసినట్టు నాలుగు ముక్కలు. మిగిలిన గుడ్డ నాలుగు కొమ్ముల చుక్కలాగ చాపమీద పడుంది.  ఇంట్లో ఇంకో గుడ్డ లేదు. ఉన్న ఒక్కటీ అత్త చావుకి దాచుకున్నది.

సారమ్మ వచ్చేసరికి ఇంట్లో అలికిడి లేదు. "కోశావా?" "కోశానత్తా." "ఇటివ్వు." ఇవ్వలేదంట. ముసలామె చాపమీద తడుముకుంటా ఒక ముక్క పట్టుకుంది, రెండోది పట్టుకుంది, మూడోది. సువార్త ఏడుపు ఆగక, "విడి మూల పట్టుకున్నానత్తా. మా నాయన కాడికి పోతాను. నువ్వు పొమ్మనకముందే పోతాను" అంది. సారమ్మ ముక్కల అంచుల్ని వేళ్ళతో కొలుస్తా, కొలుస్తా, "పోదువు గానీ, ముందు సూదిలో దారం ఎక్కించు. నా కళ్ళకి ఆనదు" అందంట. "ఏ మూలో చూపించకుండా పోయినదాన్ని నేను. నీకు అడిగే నోరు లేదు, నాకు చెప్పే బుద్ధి లేదు. సరిపోయాం ఇద్దరం." అని, తిన్నగా ఉన్న అంచుకి తిన్నగా ఉన్న అంచు చేర్చి ముక్కలు పరిచింది. నాలుగూ కలిస్తే గుండ్రమే కదా! సువార్తకి అప్పుడు కనబడింది. కోడలు కుడతా ఉంటే అత్త ఎనకనే వేలితో తడుముకుంటా, ఇక్కడ వదులైంది, మళ్ళీ వెయ్యి, ఆఁ, ఇప్పుడు బాగుంది అనుకుంటా కూర్చుంది. చుట్టూ అంచు గోరంతే మడిచారు, గుండ్రం అంచు వెడల్పు మడిస్తే ముడతలొస్తయ్ మరి. పొద్దు గూకేలోపు అయిపోయింది.

ఈస్టరు నాడు చక్రమ్మీద పరిచారు. నేనూ ఉన్నా ఆడ. అంకెల్లేవు, తారు లేదు. తెల్లగా, చుట్టూ బెత్తెడు వేలాడతా, పైన నాలుగు కుట్లూ కలిసి సిలువ! అది సిలువవుద్దని కుట్టిన ఇద్దరికీ కూడా తట్టలేదంట.  కరుణమ్మే ముందుకొచ్చి, ఆ కుట్టుని వేలితో ముట్టుకుని, "ఇట్టా ఎవరు నేర్పారే నీకు?" అంది. సువార్త నిజం చెప్పబోయింది. అది కాదు, కోసేటప్పుడు నేను, అంటా ఉండగానే సారమ్మ గుడంతా వినేటట్టు, "వాళ్ళమ్మ నేర్పింది" అంది.

పురిట్లో పోయిన తల్లి ఎట్టా నేర్పుద్దని ఒక్కళ్ళూ అడగలేదు. కరుణమ్మ కూడా అడగలేదనుకో. సువార్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అత్త భుజానికి ఆనుకుంది. గుళ్ళో, అదీ పండగనాడు, అబద్ధం ఆడొచ్చా అని మీరడుగుతారు. అడగండి. నేనైతే ఆ పూట ఆ గుడ్డమీది రొట్టే తిన్నాను. నా గొంతుకేమీ అడ్డం పడలేదు.